ఎవరు ఎన్నాళ్లు ఆగగలరు? సీమలో సమ్మె బలం వెనుక లెక్క

సంక్షిప్తంగా: పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి రావడంతో సమ్మె హక్కు పోయిందని కొందరు, ఏమీ మారలేదని కొందరు చెబుతున్నారు. చట్టం సమ్మెను నిషేధించలేదు. కానీ ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించుకునే వీలును కార్మికుల చేతిలోంచి చాలావరకు తప్పించింది. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పనులను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మార్పు ఎవరికి ఎంత తగులుతుందో తెలుస్తుంది.

సమ్మె వార్తల్లో సాధారణంగా రెండు అంకెలే ముందుకొస్తాయి. ఎంతమంది పని మానేశారన్నది ఒకటి, ఎన్ని కోట్ల నష్టం వచ్చిందన్నది మరొకటి. ఫలితాన్ని తేల్చే మూడో అంకె పత్రికల్లో పెద్దగా కనపడదు: పని ఆగిన తర్వాత ఏ పక్షం ఎన్ని రోజులు తట్టుకోగలదు? యజమాని గోదాములో ఉన్న సరుకు, కార్మికుడి ఇంట్లో ఉన్న బియ్యం, ఈ రెంటిలో ఏది ముందు నిండుకుంటుందన్న దాని మీదే చర్చల్లో ఎవరి మాట నెగ్గుతుందన్నది ఆధారపడి ఉంటుంది. నినాదాలు, జెండాలు, ప్రకటనలు ఆ గడువును కొంచెం అటూ ఇటూ జరపగలవు, అంతకు మించి చేయలేవు.

ఆ నాలుగింటిలో సమ్మెలకు సంబంధించినదైన పారిశ్రామిక సంబంధాల కోడ్ సమ్మెకు ముందు 14 రోజుల నోటీసును అన్ని పారిశ్రామిక సంస్థలకూ తప్పనిసరి చేసింది. రెండు వారాలు వినడానికి చిన్న గడువే. అయితే ఆ రెండు వారాలు ఉల్లిగడ్డల యార్డులో ఒక రకంగా, నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో మరో రకంగా, అంగన్‌వాడీ కేంద్రంలో ఇంకో రకంగా పనిచేస్తాయి. 2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల హద్దుల్లో ఈ మూడు రకాల పనులూ ఉన్నాయి.

ఉల్లిగడ్డ ఆగదు, నాపరాయి ఆగుతుంది

కర్నూలు మార్కెట్ యార్డుకు ఖరీఫ్ ఉల్లి ఆగస్టులో మొదలై అక్టోబరు దాకా ముమ్మరంగా వస్తుంది. తెల్లవారకముందే ట్రాక్టర్లు, మినీ లారీలు గేటు దగ్గర వరుస కడతాయి. హమాలీ తలకు తుండుగుడ్డ చుట్టుకుని, కొక్కెం బస్తా మూతి దగ్గర గుచ్చి, ఒక్క కుదుపుతో వీపు మీదికి తిప్పుకుని షెడ్డులోకి నడుస్తాడు. వేలం ముగిశాక అదే సరుకును సంచులకెత్తడం, కాటా వేయడం, మూతి కుట్టడం, లారీకెక్కించడం మళ్లీ అతని పనే. ఈ పనికి నెల జీతం లేదు, బస్తాకు ఇంతని కూలి. రేటును మార్కెట్ కమిటీ, వ్యాపారులు, హమాలీల ప్రతినిధులు కూర్చుని ఖరారు చేస్తారు. ఆ రేటు సవరణ ఆలస్యమైనప్పుడల్లా కొక్కేలు పక్కన పెట్టేస్తారు.

కొక్కెం పక్కన పెట్టిన గంటలోనే యార్డు బిగుసుకుపోతుంది. దిగని బండి వెనక దిగని బండి నిలబడుతుంది, తాడేపల్లిగూడెం వెళ్లాల్సిన లారీలు ఖాళీగా ఉండిపోతాయి, వానకు తడిసిన గడ్డ రెండు మూడు రోజులకే మెత్తబడి వాసన పడుతుంది. నిల్వ చేయలేని సరుకు చుట్టూ జరిగే పనిలో సమ్మెకు తక్షణ బలం ఉండటానికి కారణం ఇదే. ఇటువంటి సమ్మెలు సాధారణంగా గంటల్లో, లేదా రోజుల్లో ఏదో ఒక ఒప్పందంతో ముగుస్తాయి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. హమాలీ కోపం వ్యాపారి మీద, కుళ్లిపోయేది మాత్రం రైతు సరుకు. ధర పడిపోయి ఉన్న వారంలో పని ఆగితే వ్యాపారికి పోయేదేమీ లేదు, రెండు రోజులు ఆగి ఇంకా చవగ్గా కొనుక్కోవచ్చు. ధర ఎగబాకుతున్న వారంలో ఆగితే అతనికి ప్రతి గంటా నష్టమే. అందుకే అనుభవమున్న హమాలీ మేస్త్రీలు డిమాండు పత్రం రాసే ముందు ఆ రోజు వేలం ధర చూస్తారు.

ఇక బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. క్వారీలో పొరలుగా లేచిన రాయిని యూనిట్‌కు తెచ్చి, అంచులు కోసి, పాలిష్ పట్టి, బండలను ఒకదానికొకటి ఆనించి యార్డులో వరుసగా నిలబెడతారు. ఆ బండ ఎండకు ఎండదు, వానకు కుళ్లదు. యార్డు నిండా సరుకున్న యజమాని యంత్రం ఆగినా నెల రోజులు అమ్మకాలు సాగించగలడు, అతనికి ఆ వరుసలే సమ్మె నిధి. కార్మికులు బలంగా ఉండేది యార్డు ఖాళీగా ఉండి, ఆర్డర్లు చేతిలో ఉన్నప్పుడు మాత్రమే. అయితే చిన్న యూనిట్ యజమాని కూడా పైకి కనిపించేంత నిబ్బరంగా ఉండడు. యంత్రం తిరగకపోయినా కరెంటు బిల్లులో డిమాండ్ చార్జీ పడుతూనే ఉంటుంది, బ్యాంకు కంతు ఆగదు. పది, పదిహేను మంది పనిచేసే యూనిట్‌లో ఇరుపక్షాలూ అప్పుల మీదే నిలబడి ఉంటాయి కాబట్టి అక్కడ సమ్మె పేరెత్తకుండానే మాటామాటా అనుకుని సర్దుకోవడం ఎక్కువ.

సిమెంటుది మధ్యస్థ స్థితి. ఎర్రగుంట్ల, తాడిపత్రి ప్రాంతాల్లోని పెద్ద ఫ్యాక్టరీల్లో కీలకమైనది కిల్న్ అనే పెద్ద కొలిమి. దాని లోపల సుమారు 1,450 డిగ్రీల వేడి దగ్గర సున్నపురాయి క్లింకర్‌గా, అంటే పిండి చేస్తే సిమెంటయ్యే గట్టి ముద్దలుగా మారుతుంది. కిల్న్‌ను ఉన్నట్టుండి ఆపితే లోపలి ఇటుక పూత పగిలే ప్రమాదం ఉంది, మళ్లీ వేడెక్కించి దారిలో పెట్టడానికి సమయం, ఇంధనం రెండూ ఖర్చవుతాయి. అందువల్ల యాజమాన్యానికి సమ్మె కంటే ఆకస్మిక సమ్మె అంటేనే ఎక్కువ భయం. పద్ధతి ప్రకారం చల్లార్చుకునే వ్యవధి దొరికితే నష్టం చాలా తగ్గుతుంది. పైగా క్లింకర్‌ను నెలల తరబడి నిల్వ ఉంచి తర్వాత పిండి చేసుకోవచ్చు. నోటీసు గడువు యజమానికి చేసే మేలు ఏమిటో ఇంత స్పష్టంగా చూపే పరిశ్రమ ఇంకొకటి దొరకదు.

కరెంటును నిల్వ చేయలేం కాబట్టి ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట సమ్మె అత్యంత శక్తిమంతంగా ఉండాలనిపిస్తుంది. నిజానికి గ్రిడ్‌లో ఒక కేంద్రం తగ్గినా మరో చోటి నుంచి కరెంటు కొని తెస్తారు. ఒక్క ప్లాంటులో పని ఆగడానికి, రాష్ట్రమంతటా లైన్‌మన్లు, సబ్‌స్టేషన్ సిబ్బంది పని ఆపడానికి మధ్య బలంలో పోలికే లేదు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మె కుదేలవడంలోనూ ఇదే సూత్రం పనిచేసింది. సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు గేట్ల బయట నిలబడి ఉంటే దగ్గర్లోని భివండీ మరమగ్గాలు ఆ బట్ట నేసిపెట్టాయి.

దీనికి ఎదురుగా కొత్త తరం వాహన పరిశ్రమ ఉంది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచిలో 2019లో ప్రారంభమైన కియా ఫ్యాక్టరీ, దాని చుట్టూ వెలసిన విడిభాగాల యూనిట్లు ఈ తరహావే. విడిభాగాలను గోదాముల్లో పోగేయకుండా అవసరమైన వేళకు లైను దగ్గరికి తెప్పించుకోవడం ప్రపంచమంతటా కార్ల తయారీదారుల పద్ధతి. నిల్వ ఖర్చు మిగులుతుంది. మరోవైపు సీట్లో, అద్దాలో ఇచ్చే ఒక చిన్న యూనిట్ ఆగినా ప్రధాన లైను చిక్కుల్లో పడుతుంది. పెద్ద ఫ్యాక్టరీ కార్మికుడి కంటే చిన్న సరఫరా యూనిట్ కార్మికుడికే సూత్రప్రాయంగా ఎక్కువ పట్టు ఉండటం ఈ పద్ధతిలోని విచిత్రం. ఆ పట్టును వాడుకోగలిగే స్థితిలో అతను ఉంటాడా అన్నది వేరే ప్రశ్న.

కార్మికుడి వైపు గడియారం

యజమాని ఓపికను సరుకుతో కొలిస్తే, కార్మికుడి ఓపికను ఇంటి ఖర్చుతో కొలవాలి. మన దేశంలో చాలా యూనియన్లకు సమ్మె కాలంలో కుటుంబాలను పోషించేంత నిధి ఉండదు. ఆ పాత్రను వాస్తవంలో పోషించేది వీధి చివరి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. మొదటి వారం కొట్టువాడు ఏమీ అనడు. రెండో వారం పాత బాకీ గుర్తు చేస్తాడు. మూడో వారానికి నూనె ప్యాకెట్ చేతిలో పెట్టే ముందు ఆలోచిస్తాడు. ఈలోగా పొదుపు సంఘం కంతు, బండి ఈఎంఐ, స్కూలు ఫీజు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. కంతు తప్పితే తోటి సభ్యులు ఇంటికొచ్చి అడుగుతారు. సమ్మె నడిపే నాయకుడికి ఈ ఒత్తిడి యజమాని బెదిరింపుల కంటే కఠినంగా ఉంటుంది. ఎందుకంటే అది శిబిరంలో కాకుండా రాత్రి ఇంట్లో మొదలవుతుంది.

సీమకు దీనిలో ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి కార్మికుల్లో చాలామందికి పల్లెలో రెండు మూడు ఎకరాల మెట్ట, నాలుగు గొర్రెలు, ఉమ్మడి ఇల్లు ఉంటాయి. వానలు పడి వేరుశనగ విత్తే రోజుల్లో సమ్మె వస్తే పల్లెకు పోయి తిండి గడుపుకోవచ్చు. ఆ మేరకు ఓపిక పెరుగుతుంది. కానీ పల్లెలకు చెదిరిపోయిన కార్మికులతో గేటు దగ్గర శిబిరం నడపడం కష్టం. కరువు ఏడాదిలో పరిస్థితి రెండు విధాలా చెడుతుంది. పొలం ఆదుకోదు, పైగా కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు బయల్దేరే కుటుంబాలు పెరుగుతాయి. ఊరు విడిచి గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు పోవడానికి సిద్ధంగా ఉన్న మనుషులు అంతమంది ఉన్నప్పుడు, 'ఈ పని నువ్వు కాకపోతే ఇంకొకరు' అనే మాటకు పదును వస్తుంది. బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలతో పని సాగించుకునే వీలు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. వారికి ఇక్కడ కిరాణా ఖాతా లేదు, ఇల్లు లేదు, పని ఆగితే ఉండటానికి గది కూడా లేకుండా పోవచ్చు. స్థానిక యూనియన్లు వారిని పోటీదారులుగా చూసినంత కాలం ఆ వీలు యజమానిదే.

ధర్మవరం పట్టుమగ్గాల దగ్గర ఈ బంధం మరో రూపంలో కనిపిస్తుంది. మాస్టర్ వీవర్ (నేత పని ఇచ్చే వ్యాపారి) రేషం, అంటే పట్టు దారం, జరీ ఇస్తాడు. నేతగాడు తన ఇంట్లోనే చీర నేసి మజూరి తీసుకుంటాడు. పెళ్లికో, వైద్యానికో ముందుగా తీసుకున్న అడ్వాన్స్ ఆ మజూరిలోంచి కొద్దికొద్దిగా తెగుతూ ఉంటుంది. మజూరి పెంచమని మగ్గం ఆపితే మొదట లేచే ప్రశ్న అడ్వాన్స్ ఎప్పుడు తీరుస్తావన్నదే. అప్పు తీరనిదే ఇంకో మాస్టర్ దగ్గరికి పోలేడు, తీరాలంటే నేయాలి. ఫ్యాక్టరీ గేటు లేకపోయినా పని మానే స్వేచ్ఛకు అడ్వాన్సే గేటులా అడ్డుపడుతుంది. ఇళ్లలో విడివిడిగా నేసేవారికి ఎవరి మగ్గం ఆగిందో, ఎవరిది రాత్రిపూట ఆడుతోందో తెలుసుకోవడం కూడా తేలిక కాదు.

చట్టం కాలాన్ని ఎలా పంచుతుంది

ఈ బలాబలాల మధ్య చట్టం ప్రవేశించిన తీరును చూడటానికి మద్రాసు దాకా వెళ్లాలి. దత్త మండలాలు (నేటి రాయలసీమ) మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కాలంలో, 1918 ఏప్రిల్ 27న అక్కడ మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల వివాదంలో యాజమాన్యం యూనియన్ నాయకుడు బి.పి. వాడియా తదితరుల మీద హైకోర్టుకెక్కి నిషేధాజ్ఞ తెచ్చుకుంది. కార్మికులను పని మానమని ప్రోత్సహించడం కాంట్రాక్టు భంగానికి పురికొల్పడమే అనే వాదన నిలిస్తే ఏ యూనియనూ బతకదని ఆ కేసుతో అర్థమైంది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం రిజిస్టరైన యూనియన్లకు అటువంటి దావాల నుంచి రక్షణ కల్పించింది. సమ్మె చేసుకునే చోటు చట్టంలో అలా ఏర్పడింది. అయితే అది రాజ్యాంగ హక్కుగా ఎన్నడూ స్థిరపడలేదు. సంఘం పెట్టుకునే ప్రాథమిక హక్కులో సమ్మె హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1961లో బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పింది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదని 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో తేల్చింది.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెలను రెండు గదుల్లో పెట్టింది. రైల్వే, విద్యుత్తు, నీటి సరఫరా వంటి ప్రజోపయోగ సేవల్లో 14 రోజుల నోటీసు తప్పనిసరి. మిగతా పరిశ్రమల్లో ముందస్తు నోటీసును ఆ చట్టం కోరలేదు. కొత్త కోడ్ ఆ గోడను తీసేసింది. సిమెంటు ఫ్యాక్టరీ అయినా, పత్తి జిన్నింగ్ మిల్లు అయినా నోటీసు ఇవ్వాలి, ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మెకు దిగకూడదు, 60 రోజులు దాటాక ఆ నోటీసు పనికిరాదు. రాజీ అధికారి చర్చలు నడుస్తున్నంత కాలం, అవి ముగిశాక మరో 7 రోజులు సమ్మె కుదరదు. పారిశ్రామిక వివాదాలను తేల్చే ట్రిబ్యునల్‌లో విచారణ సాగుతుండగా, ముగిశాక 60 రోజుల దాకా కుదరదు. యాజమాన్యం లాకౌట్ ప్రకటించడానికీ, అంటే గేటు మూసి పని ఆపడానికీ, ఇవే ఆంక్షలు వర్తిస్తాయి.

ఒక ఉదాహరణతో చూస్తే ఈ గడువులు ఒకదానిలో ఒకటి ఎలా ఇరుక్కుంటాయో తెలుస్తుంది. తాడిపత్రి ప్రాంతంలో ఒక యూనియన్ డిసెంబరు 1న నోటీసు ఇచ్చిందనుకుందాం. యజమాని ఆ సంగతిని 5 రోజుల్లో ప్రభుత్వానికి, రాజీ అధికారికి తెలపాలి. డిసెంబరు 10న రాజీ అధికారి మొదటి భేటీ పెడితే ఆ రోజు నుంచి రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. సమ్మె నోటీసు ఉన్నప్పుడు ఆయన 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అంటే 24 దాకా. దాని మీద 7 రోజులు కలిపితే నెల గడిచిపోతుంది. ఈలోగా, లేదా ఆ వెంటనే ఒక పక్షం వివాదాన్ని ట్రిబ్యునల్‌కు తీసుకెళ్తే తలుపు మళ్లీ మూతపడుతుంది. పాత చట్టంలో వివాదాన్ని ట్రిబ్యునల్‌కు పంపాలా వద్దా అన్నది ప్రభుత్వం నిర్ణయించేది. ఇప్పుడు రాజీ విఫలమయ్యాక ఏ పక్షమైనా 90 రోజుల్లోగా నేరుగా వెళ్లవచ్చు. విచారణ ప్రారంభమైతే సమ్మె చట్టవిరుద్ధమవుతుంది కాబట్టి, యజమానికి ఇది గెలుపు కోసం కాకపోయినా కాలయాపన కోసం పనికొచ్చే దారి. కార్మిక సంఘాల ప్రధాన అభ్యంతరం నిజానికి 14 రోజుల మీద కంటే ఈ ద్వారం మీద ఉండాలి. బహిరంగ చర్చలో మాత్రం 14 రోజుల గురించే ఎక్కువగా వినిపిస్తోంది.

ఈ నిరీక్షణ కార్మికుడికి నష్టమేనని కూడా చెప్పలేం. రాజీ, విచారణ నడుస్తుండగా వివాదంతో సంబంధమున్న పని షరతులను యజమాని ఏకపక్షంగా మార్చకూడదని పాత చట్టమూ, కొత్త కోడూ రెండూ చెబుతున్నాయి. నాలుగు రోజులు కూడా ఆగలేని బలహీన సంఘానికి ఆ రక్షణ సమ్మె కంటే విలువైనది కావచ్చు. యార్డు ఖాళీగా ఉన్న సరైన వారంలో దెబ్బ కొట్టగల బలమైన సంఘానికి మాత్రం ఆ వారం నోటీసు గడువులోనే కరిగిపోతుంది.

మూకుమ్మడి సెలవు అనే పాత ఉపాయాన్నీ కోడ్ పట్టుకుంది. ఒకే రోజు 50 శాతం, అంతకు మించిన కార్మికులు కలిసికట్టుగా క్యాజువల్ లీవు పెడితే దాన్నీ సమ్మెగానే పరిగణిస్తారు. చట్టవిరుద్ధ సమ్మెకు పాత జరిమానా 50 రూపాయలు, ఇప్పుడు 1,000 నుంచి 10,000 రూపాయల వరకు. నెల రోజుల వరకు జైలు శిక్ష అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. చట్టవిరుద్ధ లాకౌట్‌కు యజమాని జరిమానా 1,000 నుంచి పెరిగి 50,000 నుంచి లక్ష రూపాయలకు చేరింది. అంకె పెద్దదిగా కనిపిస్తున్నా, 10,000 రూపాయలు ఒక కూలీకి ఎన్ని రోజుల సంపాదనో, లక్ష రూపాయలు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి ఎన్ని నిమిషాల అమ్మకమో లెక్క వేస్తే ఈ శిక్షల బరువు తేడా బయటపడుతుంది. జీతం విషయంలోనూ ఒక చిక్కుంది. పని చేయని రోజుకు జీతం ఉండదన్నది అందరికీ తెలుసు. పది మంది, అంతకు మించి కలిసి తగిన కారణం, ముందస్తు నోటీసు లేకుండా గైర్హాజరైతే నోటీసుకు బదులుగా ఎనిమిది రోజుల జీతం వరకు కోసుకునే వెసులుబాటు 1936 వేతనాల చెల్లింపు చట్టం నుంచే ఉంది, వేతనాల కోడ్‌లోనూ కొనసాగింది.

యజమాని చేతిలోని తాళం

సమ్మె ఒక్కటే వార్తలోకెక్కుతుంది గానీ పనిని ఆపే అధికారం యజమానికీ ఉంది, దానికి పేర్లు ఎక్కువ. వివాదంలో లొంగదీయడానికి గేటు మూస్తే లాకౌట్. ముడిసరుకు, కరెంటు లేవని పని ఇవ్వకపోతే లేఆఫ్. మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తే రిట్రెంచ్‌మెంట్. శాశ్వతంగా ఎత్తేస్తే మూసివేత. లేఆఫ్‌లో అర్హులైన కార్మికుడికి సగం జీతం వస్తుంది, లాకౌట్‌లో సాధారణంగా ఏమీ రాదు. కాబట్టి ఒకే మూసిన గేటును యజమాని ఏ పేరుతో పిలుస్తాడన్నదే తరచుగా అసలు వివాదమవుతుంది.

పెద్ద సంస్థలు లేఆఫ్, తొలగింపు, మూసివేతలకు ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన 1976లో వచ్చినప్పుడు 300 మంది కార్మికులున్న సంస్థలకు వర్తించింది. 1982 సవరణ దాన్ని 100కు దించింది. కోడ్ మళ్లీ 300కు ఎక్కించింది. సీమలోని జిన్నింగ్ మిల్లులు, పాలిష్ యూనిట్లు, మధ్యతరహా ఫ్యాక్టరీల్లో అధిక భాగం ఈ గీతకు కిందే ఉంటాయి కాబట్టి వాటి యజమానులకు అనుమతి అడ్డంకి ఉండదు. గడువు కట్టిన ఉద్యోగ ఒప్పందాలకు దారి తెరవడం ఇంకా సున్నితమైన మార్పు. అటువంటి ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ అర్హత రావడం లాభమే. కానీ గడువు ముగిశాక ఒప్పందాన్ని పొడిగించకపోతే అది తొలగింపు కిందికి రాదు. పొడిగింపు కోసం ఎదురుచూసే మనిషి సమ్మె పత్రం మీద సంతకం పెట్టడానికి వెనకాడతాడు. బెదిరించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

ఎవరితో మాట్లాడాలి, ఎవరు మాట్లాడాలి

పెద్ద ఫ్యాక్టరీల్లో లోడింగ్, ప్యాకింగ్, శుభ్రత, తోటపని, ఒక్కోచోట యంత్రాల నిర్వహణ కూడా కాంట్రాక్టర్ల కిందే నడుస్తాయి. కూలి పెంచమని అడిగితే తనకు కంపెనీ ఇచ్చే రేటే అంత అని కాంట్రాక్టర్ అంటాడు. కంపెనీ దగ్గరికెళ్తే వాళ్లు మా మనుషులు కారంటుంది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, కొత్త కోడ్‌లు కూడా ఆ బాధ్యతను ఉంచాయి. కూలి పెంచే విషయంలో అటువంటి బాధ్యతేదీ లేదు. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినా కార్మికులు దానంతటదే కంపెనీ ఉద్యోగులైపోరని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో స్పష్టం చేసింది. సమ్మె తర్వాత కాంట్రాక్టర్‌ను మార్చేస్తే పాత మనుషులను కొనసాగించాలన్న బాధ్యత కొత్తవాడికి సహజంగా రాదు.

దీనికి తోడు పరిధుల గజిబిజి ఉంది. గనులు కేంద్ర కార్మిక శాఖ చూసే విభాగం, పాలిష్ ఫ్యాక్టరీ రాష్ట్ర కార్మిక శాఖది. రాయి తీసే మనిషి, అదే రాయికి పాలిష్ పట్టే మనిషి ఒకే ఊరివాళ్లయినా, ఇద్దరికీ యజమాని ఒక్కడే అయినా, వివాదం వస్తే వేర్వేరు ప్రభుత్వాల అధికారుల దగ్గరికి పోవాలి.

కార్మికుల పక్షాన ఎవరు మాట్లాడాలన్న ప్రశ్నకు ఇన్నాళ్లూ జాతీయ స్థాయిలో సమాధానం లేదు. మస్టర్ రోల్‌లోని (సంస్థ హాజరు పట్టికలోని) కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియన్‌ను చర్చలకు ఏకైక ప్రతినిధిగా గుర్తించాలని, అంత బలం ఎవరికీ లేకపోతే 20 శాతం పైబడిన యూనియన్లతో చర్చల మండలి ఏర్పరచాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ అంటోంది. గుర్తింపు నియమం రాయడం మేలైన విషయమే. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు శాంసంగ్ ఫ్యాక్టరీలో 2024 సెప్టెంబరు 9న మొదలై 37 రోజులు సాగిన సమ్మెలో జీతాల కంటే కొత్త యూనియన్ రిజిస్ట్రేషన్, గుర్తింపు ఎక్కువ పంతానికి కారణమయ్యాయి. అటువంటి పంతాలను లెక్కింపుతో తేల్చే వీలు ఇప్పుడు ఉంది. చిక్కల్లా మస్టర్ రోల్ అన్న మాట దగ్గరే. కాంట్రాక్టర్ రోల్‌లో ఉన్నవారు కంపెనీ 51 శాతం లెక్కలోకి రారు. గేటు లోపల పనిచేసేవారిలో పెద్ద భాగం బయటి రోల్‌లో ఉన్న చోట, కొద్దిమంది పర్మినెంట్ ఉద్యోగుల యూనియనే చర్చల కుర్చీలో కూర్చుంటుంది.

సర్కారే యజమాని అయితే

ప్రభుత్వం యజమానిగా ఉన్నప్పుడు పై లెక్కలు చాలావరకు తారుమారవుతాయి. 2023 డిసెంబరు 12న రాష్ట్రవ్యాప్తంగా మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయల గౌరవ వేతనం. కేంద్రం మూతపడినా ప్రభుత్వ ఆదాయం తగ్గదు, పైగా ఆ నెల గౌరవ వేతనం మిగులుతుంది. అందువల్ల ఇక్కడ ఒత్తిడి సరుకు రూపంలో ఉండదు. బాలింతలకు, పిల్లలకు ఆగిన పాలు, గుడ్లు, కలెక్టరేట్ ముందు శిబిరం, దగ్గరపడుతున్న ఎన్నికలు, ఇవే దాని బలం. ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో కేంద్రాలను తెరిపించడానికి ప్రయత్నించింది, 2024 జనవరి 6న వారిని ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) కిందికి తెచ్చింది, తొలగింపు హెచ్చరికలు జారీ చేసింది, చివరికి చర్చలతో ముగించింది. వారికి దక్కేది వేతనం కాకుండా 'గౌరవ వేతనం' కావడం వల్ల కార్మిక చట్టాల రక్షణ అందదు, ఎస్మా మాత్రం అందుతుంది. అయితే వారు గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పడంతో ఆ పదం వెనక కట్టిన గోడకు బీట పడింది.

2015 మేలో ఆర్టీసీ కార్మికులు ఎనిమిది రోజుల్లో 43 శాతం ఫిట్‌మెంట్ (వేతన సవరణలో పెంపు) సాధించుకున్నారు. బస్సు ఆగితే మొదటి ఉదయం నుంచే ఊరూరా తెలుస్తుంది, ప్రత్యామ్నాయం దొరకదు. 2020 జనవరి 1న వారు ప్రభుత్వోద్యోగులయ్యారు. కొలువు భద్రత పెరిగింది. దాంతోపాటే సమ్మెను అనుమతించని ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి కూడా వారికి చుట్టుకుంది. ఎనిమిది రోజుల్లో ఫలితం తెచ్చిన ఆయుధం విలీనంతో చేజారిందన్న మాట.

ఓడిన సమ్మె అన్నివేళలా వృథా పోదని చెప్పడానికి గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్లు అనుభవించిన 1974 సమ్మె ఉదాహరణ. మే 8న మొదలై 27న ముగిసిన ఆ సమ్మెలో దేశవ్యాప్తంగా సుమారు 17 లక్షల మంది పాల్గొన్నట్టు చెబుతారు. వేలాది అరెస్టులు జరిగాయి, రైల్వే క్వార్టర్ల నుంచి కుటుంబాలను ఖాళీ చేయించారు. ఇల్లు కూడా యజమానిదే అయినప్పుడు ఓపిక గడువు ఎంత తొందరగా తరిగిపోతుందో అప్పుడు తెలిసింది. డిమాండ్లు నెరవేరకుండానే సమ్మె విరమించారు. ఆ డిమాండ్లలో ఒకటైన బోనస్ మాత్రం ఐదేళ్ల తర్వాత, 1979-80 నుంచి, ఉత్పాదకత ఆధారిత బోనస్‌గా అందింది.

ముందు ఏం జరగవచ్చు

కోడ్‌ల ప్రభావం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. సరుకు నిల్వ ఉండే పరిశ్రమల్లో, అంటే సిమెంటులోనూ నాపరాళ్లలోనూ, నోటీసు రోజులు ఉత్పత్తి పెంచుకునే రోజులుగా మారే అవకాశం ఎక్కువ. దీనికి కార్మికుల వైపు నుంచి వచ్చే సహజ స్పందన పని ఆపకుండా పని మందగించడం, ఓవర్‌టైం నిరాకరించడం, రూలు ప్రకారం మాత్రమే పనిచేయడం. వీటిలో ఏది సమ్మె నిర్వచనంలోకి వస్తుంది, ఏది రాదన్నది రాబోయే సంవత్సరాల్లో ట్రిబ్యునళ్ల ముందుకు వచ్చే ప్రధాన ప్రశ్న కావచ్చు. పెద్ద సంస్థల్లో 51 శాతం కోసం యూనియన్ల మధ్య పోటీ పెరుగుతుంది. 300 లోపు సంస్థల్లో వివాదాలు సమ్మె దాకా రాకుండా తొలగింపు పరిహారం దగ్గరే తెమిలిపోవచ్చు. పని చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున లెక్కగట్టే ఆ పరిహారం, కాంట్రాక్టర్లు మారుతూ వచ్చిన చోట సర్వీసు రుజువులే లేక నీరుగారిపోయే ప్రమాదం ఉంది. నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాలన్న కొత్త నిబంధన కాగితం మీద మిగిలిపోకపోతే, సమ్మె నిబంధనల కంటే అదే ఎక్కువ మార్పు తేగలదు.

కర్నూలు యార్డు హమాలీలకు ఈ గడువులేవీ సరిగ్గా అతకవు. వారి కూలిలో కొంత రైతు నుంచి, కొంత కొనుగోలుదారు నుంచి వస్తుంది. రేటు కమిటీలో ఖరారవుతుంది, పని కమీషన్ ఏజెంటు మండీలో జరుగుతుంది. కోడ్ ప్రకారం నోటీసు యజమానికి ఇవ్వాలి. రేటు పెంచమని వారు రాసే వినతిపత్రం మీద మార్కెట్ కమిటీ కార్యదర్శి పేరుంటుంది, కింద వ్యాపారుల సంఘానికి, కార్మిక శాఖకు ప్రతులు అని ఉంటుంది. ఆ ముగ్గురిలో ఎవరూ తాము యజమానులమని ఒప్పుకోరు. ఆగస్టులో మొదటి ఉల్లి బండ్లు గేటు దగ్గరికి వచ్చేనాటికి 14 రోజులను ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలో చెప్పగలిగే అధికారి వారికి ఇంకా దొరకాల్సి ఉంది.